కొమ్మలు కొట్టినవాడికి కట్టెలు కాదు, కూలి ఇవ్వాలి

"ఏంటమ్మాయ్, డబ్బులిచ్చి మరీ కొమ్మలు కొట్టించావా? కట్టెలు పట్టుకుపొమ్మంటే ఊరికే కొట్టిపెట్టేవాళ్లు కదా!" అని మా బాబాయిగారు ఆశ్చర్యపోయారు. ఆయన మాటలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కోనసీమలో పెరటి చెట్టుకు కొమ్మలు కొట్టించడమంటే చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి అదే. చెట్టెక్కినవాడు కొట్టిన కలప తానే తీసుకుపోతాడు, ఇంటివాళ్లు రూపాయి తియ్యనక్కరలేదు, ఆకూ అలమూ ఊడ్చి పోతే చాలనుకుంటారు. ఎవరికీ నష్టం లేనట్టు కనిపించే ఈ ఒప్పందమే మన ఊళ్లలో ఉన్న పెద్ద చెట్లను ఏడాదికి కొంత చొప్పున చంపుతోందని నా అభిప్రాయం. ఆ రోజు బాబాయిగారికి నాలుగు మాటల్లో చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

కొమ్మలు కొట్టే పనికి కూలి డబ్బు రూపంలో, చేసిన పనిని బట్టి ఇవ్వాలి. కలపకు బేరం ఉంటే దాన్ని విడిగా మాట్లాడుకోవాలి. ఆ రెండూ ఒకే మాటలో కలిసిపోయినంత కాలం, ఎంత నేర్పున్న మనిషికైనా చెట్టుకు మేలు చేసే వీలు మనం ఇవ్వడం లేదు.

చెట్టు ఎక్కకముందు

మా పెరట్లో ఉన్నది కొత్తపల్లి కొబ్బరి మామిడి. మా మామగారి తండ్రి నాటిన చెట్టు, ఇప్పుడున్న ఇంటికంటే వయసులో పెద్దది. దాని దక్షిణపు కొమ్మ ఒకటి వంటింటి కప్పు మీదుగా చాచుకుపోయి, గాలి తోలిన రాత్రుల్లో రేకులకు రాసుకుంటూ ఉండేది. ఈ జూన్‌లో కాయ దిగిపోయాక ఆ పని చేయించాలని అంబాజీపేట వైపు నుంచి ముగ్గురు మనుషులను పిలిపించాం. వారిలో పెద్దాయన కుర్రతనంలో కొబ్బరి దింపుకు వెళ్లినవాడు, తర్వాత పెద్ద చెట్ల పనిలోకి వచ్చి అక్కడే స్థిరపడ్డవాడు. తక్కిన ఇద్దరిలో ఒకరు తాడు పట్టే కుర్రాడు, మరొకరు కింద పడ్డ కొమ్మలు సర్దే మనిషి.

నేను ఊహించినట్టు ఆయన రాగానే కత్తి తీయలేదు. చెట్టు చుట్టూ తిరిగాడు, మళ్లీ తిరిగాడు. పైకి చూడడం కంటే కిందకు చూడడమే ఎక్కువగా చేశాడు. మొదలు దగ్గర మట్టిని కాలితో తోసి చూసి, "ఇక్కడ మెరక ఎప్పుడు చేయించారమ్మా?" అని అడిగాడు. రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ వాన నీళ్లు ఇళ్లలోకి వస్తాయని మన వీధుల్లో అందరూ మట్టి తోలించి పెరళ్లు మెరక చేయించుకునేవారే, మేమూ చేయించాం. ఆ మట్టి కింద మామిడి మొదలు అడుగుకు పైగా పూడిపోయింది. తర్వాత ఉత్తరాన ఉన్న ప్రహరీ దగ్గరకు వెళ్లి, దాని పునాది ఎంత లోతు తవ్వారో, తవ్వేటప్పుడు లావు వేర్లు తగిలాయో లేదో అడిగాడు. తగిలాయి, కొట్టేశారు. "పడే చెట్టు వేరు దగ్గర పడుతుందండి, కొమ్మ దగ్గర కాదు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో డెల్టా చెట్ల సంగతి చాలా ఉంది. కాలవల నీళ్లతో, గోదావరి ఒండ్రుతో పెరిగిన నేల ఇది, తవ్వితే కొద్ది లోతులోనే నీరు పడుతుంది. నీటిలో వేరుకు ఊపిరాడదు కనుక చెట్టు లోతుకు దిగకుండా పక్కలకు పాకుతుంది. తుపాను వానకు నేల మెత్తబడ్డప్పుడు గాలిని తట్టుకోవలసింది ఆ పైపై వేర్లే. అందులోనూ గాలి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు వేర్లే లాగి పట్టుకోవాలి. బంగాళాఖాతంలోంచి తుపాను మన మీదికి వచ్చేటప్పుడు మొదటి గాలి ఉత్తరం, ఈశాన్యం దిక్కుల నుంచి తోలుతుంది, దాని కన్ను దాటిపోయాక దక్షిణం నుంచి తిరగబడుతుంది. మా చెట్టుకు ఉత్తరపు వేర్లు గోడ పునాది కింద తెగిపోయాయి. అంటే మొదటి గాలికే అది దక్షిణానికి, వంటింటి మీదికి ఒరిగే ప్రమాదం ఉంది. సరిగ్గా ఆ వైపే బరువైన కొమ్మ చాచుకుని ఉంది.

ఇదంతా ఆయన నాకు పాఠంలా వివరించలేదు. రెండు మూడు ప్రశ్నలు అడిగి, దక్షిణపు కొమ్మ పొడవును తగ్గించాలనీ, దాన్ని మొదలంటా తీయకూడదనీ, ఉత్తరం వైపు కొమ్మలను ముట్టుకోవద్దనీ నిర్ణయించుకున్నాడు. నేను తర్వాత ఆలోచించి ఆ ప్రశ్నల వరుసను అర్థం చేసుకున్నాను. ఆ పొద్దుట జరిగిన పనిలో అత్యంత విలువైన భాగం అదేనని, అప్పటికి ఒక్క రెమ్మ కూడా తెగలేదని నేను గట్టిగా అంటాను. కట్టెలతో కూలి కట్టే పద్ధతిలో ఈ భాగానికి విలువ సున్న.

కోత ఎక్కడ పడాలి

చెట్టు మీద ఆయన చేసిన పనిని కాసేపు చూస్తే చాలు, నేర్పు అంటే వేగంగా నరకడం కాదని తెలిసిపోతుంది. నడుముకు కట్టిన తాడును పై కొమ్మ మీదుగా వేసుకుని, చేతిరంపం ఒకటి పక్కన వేలాడేసుకుని, లావు కోతలకు మాత్రం మిషను రంపాన్ని పైకి తాడుతో రప్పించుకున్నాడు. కోయబోయే కొమ్మకు ముందుగా ఇంకో తాడు ముడివేసి, పైనున్న గట్టి పంగలోంచి కిందకు దింపాడు. కింద కుర్రాడు ఆ తాడును పక్కనున్న కొబ్బరి మొద్దుకు రెండు చుట్లు తిప్పి పట్టుకున్నాడు. రాపిడికి మొద్దు గాయపడకుండా మధ్యలో గోనెసంచి పెట్టారు. కొబ్బరి మొద్దు మీద పడిన గాటు ఎన్నేళ్లయినా పూడదని వారికి తెలుసు, మామిడిలా ఆ చెట్టు చుట్టూ కొత్త చెక్క పెంచుకోలేదు. కొమ్మ తెగినప్పుడు దభీమని పడలేదు. మెల్లగా దిగి, వంటింటి కప్పుకు తగలకుండా పక్కకు జరిగి, నేలకు ఆనింది.

ఒక్కొక్క లావు కొమ్మకూ మూడు కోతలు పడ్డాయి. మొదటిది కింది వైపు నుంచి, కొమ్మ మొదలుకు జానెడు దూరంలో, కొద్ది లోతు మాత్రమే. రెండోది దానికి కాస్త అవతలగా పైనుంచి. అప్పుడు కొమ్మ బరువుకు విరిగినా బెరడు చీలిక ఆ మొదటి గాటు దగ్గర ఆగిపోతుంది, కాండం మీదికి రాదు. చివరిది మిగిలిన మొండిని తీసే కోత. అది కాండానికి నున్నగా ఆనుకుని పడలేదు, దూరంగానూ పడలేదు. కొమ్మ కాండంతో కలిసే చోట ముడతలు పడి మెడలా ఉబ్బిన భాగం ఒకటి ఉంటుంది, దాన్ని వదిలి దానికి అవతల పడింది.

ఆ మెడను ఎందుకు వదలాలో శాస్త్రం ఆలస్యంగా చెప్పింది. అలెక్స్ షైగో అనే అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త మిషను రంపంతో వేల చెట్లను నిలువునా చీల్చి, లోపలి కుళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పరిశీలించాడు. మనిషి చర్మంలా చెట్టు తన గాయాన్ని మాన్పుకోదనీ, దెబ్బ తిన్న చెక్కను లోపలే గోడలు కట్టి వేరుచేసి పైన కొత్త చెక్కను పెంచి మూసేస్తుందనీ ఆయన, ఆయన సహచరుడు 1977లో వివరించారు. ఆ గోడ కట్టే బలం ఎక్కువగా ఉండేది కొమ్మ మెడ దగ్గరే. అందంగా ఉంటుందని కాండానికి నున్నగా కోసేస్తే ఆ బలాన్నే కోసేసినట్టు, కుళ్లు నేరుగా కాండంలోకి దిగుతుంది. అంతకుముందు చాలాకాలం పడమటి దేశాల తోటమాలులు కూడా నున్నటి కోతే మంచి కోత అని నేర్చుకున్నారు. మా పెరట్లో చెట్టెక్కిన పెద్దాయనకు ఈ పేరు తెలియదు, తెలియవలసిన అవసరం కూడా లేదు. తాను కోసిన చెట్ల దగ్గరకే ఏళ్ల తరబడి తిరిగి వెళ్లి, ఏ కోత మూసుకుందో, ఏది తొర్ర అయిందో చూసినవాడు ఆయన.

కడియం నర్సరీల్లో అంటు కట్టే చెయ్యికి మన ప్రాంతంలో ఎంత గౌరవముందో అందరికీ తెలుసు. కొన వేలంత రెమ్మను ఎక్కడ, ఏ వాలున కోయాలో తెలిసినవాడికి పని వెతుక్కుంటూ వస్తుంది. అదే చెట్టు అరవై ఏళ్లు పెరిగి ఇంటి మీద నీడపట్టాక, దాని మీద ఎక్కడ కోత పెట్టాలో తెలిసినవాడికి మాత్రం మనం కట్టెలు చూపించి పంపేస్తాం.

కట్టెల బేరం ఏం చేస్తుంది

కలప తీసుకుపోయే మనిషికి ఏది లాభమో ఒకసారి ఆలోచించండి. దక్షిణపు కొమ్మ పొడవు తగ్గించడానికి మా చెట్టు మీద జరిగిన పనిలో కొనల నుంచి తీసినవే ఎక్కువ. ప్రతి కోతా, కోసిన కొమ్మ లావులో కనీసం మూడో వంతున్న పక్క కొమ్మ దగ్గర ఆగింది, ఆ పక్క కొమ్మే ఇక ముందు కొనగా పెరగాలని. పూటంతా కష్టపడి అలా తీసిన దానిలో అడితికి పనికొచ్చే లావు కలప చాలా తక్కువ. అదే కొమ్మను మొదలంటా నరికితే పని తొందరగా తేలిపోయేది, లావు దుంగలు బండికెక్కేవి. కాండం మీద మాత్రం ఎప్పటికీ మూసుకోని గాయం మిగిలేది. చెట్టుకు ఏది మంచిదో, కలప బేరానికి ఏది మంచిదో, ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. నిజాయితీగల మనిషిని కూడా అలా నిలబెట్టి, మంచివైపే ఎంచుకో అని అడగడం న్యాయం కాదు.

మునుపు ఇది ఇంత తీవ్రంగా ఉండేది కాదని నా అనుమానం. కట్టెల పొయ్యిలున్న రోజుల్లో చేతివేలంత పుల్లకూ విలువుండేది, రెమ్మలు కట్టలు కట్టుకుపోయినా కూలి గిట్టేది. ఇంటింటికీ గ్యాసు బండ వచ్చాక పుల్లలు ఎవరికీ అక్కర్లేదు, ఊడ్చి తగలబెడుతున్నారు. ఇటుక బట్టీలకు, హోటళ్లకు, పెట్టెల చెక్కకు కావలసింది లావు కలప. ఒప్పందం పైకి పాతదే, దాని లోపలి లెక్క మారిపోయింది. ఇప్పుడు కత్తి కొనల వైపు పోదు, మొదలు వైపే పోతుంది.

కొబ్బరి దగ్గర మనం ఈ తెలివితక్కువ పని ఎన్నడూ చేయం. దింపు కార్మికుడికి చెట్టు లెక్కన కూలి ఇస్తాం. "నువ్వు దింపినన్ని కాయలు నువ్వే పట్టుకుపో" అని ఏ రైతూ అనడు. అంటే ఏమవుతుందో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు, లేత గెలలు కూడా నేలమీదికి వస్తాయి. తోట కాయను వర్తకుడు బేరమాడుకుని తన మనుషులతో దింపించుకునే రోజున రైతు పనులు మానుకుని చెట్ల కింద నిలబడేది అందుకే. ఆ జాగ్రత్త మామిడి, చింత, నేరేడు, పనస దగ్గరకు వచ్చేసరికి ఎందుకు పోతుందంటే, కొబ్బరి కాయకు ప్రతి దింపుకూ ధర కనిపిస్తుంది, పెరటి చెట్టు ఇచ్చే నీడకు ధర కనిపించదు.

భయం సంగతి

నా వాదనకు ఎదురుగా వచ్చే గట్టి మాట ఒకటుంది. మన ప్రాంతంలో చాలామంది చెట్ల తలలు కొట్టించేది కలప కోసం కాదు, భయంతో. 1996 నవంబరు 6న వచ్చిన తుపానును చూసినవాళ్లెవరూ ఇంటి పక్క పెద్ద చెట్టును నిర్భయంగా చూడలేరు. వెయ్యిమందికి పైగా చనిపోయిన ఆ తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, చెట్లు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. ఆ రాత్రి దూలం కింద నక్కి బతికిన మా పిన్నిగారు, పెరట్లో ఏ చెట్టూ కప్పుకంటే ఎత్తుగా ఉండకూడదని ఈనాటికీ పట్టుపడతారు. అలాంటివారికి కొమ్మ మెడ గురించి, మూడు కోతల గురించి చెప్పబోవడం నాకే ఒక్కోసారి మొహమాటంగా అనిపిస్తుంది.

అయినా చెబుతాను, ఎందుకంటే తల కొట్టడం ఆ భయాన్ని తీర్చదు, వాయిదా వేస్తుంది. తల నరికిన చెట్టు బతకడానికి ఆకు కావాలి కనుక, కోసిన చోట గుత్తులు గుత్తులుగా నీరుకొమ్మలు వేస్తుంది. అవి లోపలి చెక్కలోంచి పుట్టినవి కావు, బెరడు కింద పైపైన పట్టుకున్నవి. కొద్ది ఏళ్లలో మళ్లీ పాత ఎత్తుకు చేరతాయి, ఈలోగా వాటి కింద మొండి కుళ్లడం మొదలవుతుంది. అప్పుడొచ్చే తుపానుకు ఊడిపడేవి అవే. ఇన్నాళ్లూ నీడలో ఉన్న కొమ్మల బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడి పగుళ్లు తీయడం, ఆ పగుళ్లలో పురుగు చేరడం దానికి తోడు. ఒక్కసారికి పచ్చటి కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకూడదని, ముసలి చెట్టుకైతే అంతకంటే తక్కువే తీయాలని ఈ పని తెలిసినవారు పాటించే హద్దు అందుకే ఉంది. పిన్నిగారి భయం నిజమైనది. ఆ భయానికి సరైన జవాబు చెట్టు పొడవులను, బరువులను చూసి తగ్గించగల మనిషి. అతడిని ఆ పనికి పిలిచి డబ్బివ్వకపోతే ఆమెకు దొరికేది తల కొట్టేవాడే. చెట్టు నిజంగానే కుళ్లి, వేరు వదిలేసి ఉంటే దాన్ని కొట్టించేయవలసిందే. ఆ మాట చెప్పవలసింది కూడా కలపతో సంబంధం లేని మనిషే.

మాకు కుదరని చోట

పెద్దాయన చేసిన ప్రతిదాన్నీ నేను ఒప్పుకోలేదు. కోతల మీద ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తుదామన్నాడు, నేను వద్దన్నాను. తోటల్లో మామిడి కోతలకు బోర్డో పేస్టు పూయడం మన ఉద్యాన అధికారులు చెప్పేదే, అది శిలీంధ్రాన్ని ఎదుర్కొనే మందు. మట్టి, పేడ గాయాన్ని తడిగా ఉంచడం తప్ప ఏం చేస్తాయో నాకు నమ్మకం కుదరలేదు. పెద్ద చెట్లకు పూతలు కుళ్లును ఆపలేవనే షైగో కూడా చెప్పాడు. చివరికి కోతలను ఊరికే వదిలేశాం. ఆయన ముఖంలో అసంతృప్తి కనిపించింది.

రెండో తేడా ఇంతకంటే కష్టమైనది. తూర్పు వైపు రెండు చోట్ల ఆయన కొమ్మను మెడ దాకా తీయకుండా మూరెడు మొండి వదిలాడు. ఎండిపోయి కుళ్లుతుంది కదా అంటే, "మళ్లీ ఎక్కాలంటే కాలు పెట్టుకోడానికి ఉండాలమ్మా" అన్నాడు. చెట్టు ఆరోగ్యం ఒకవైపు, ఎక్కే మనిషి ప్రాణం ఒకవైపు. నేను మళ్లీ మాట్లాడలేదు. మంచి తాడు, నడుముపట్టీ ఉంటే ఆ మొండి అవసరం లేదని ఆయనకు తెలుసు. మిషను రంపానికే అప్పు తెచ్చిన మనిషి, వాటిని కట్టెల మిగులులోంచి కొనలేడు. కూలిలో పరికరం ఖర్చు కూడా కలవాలని నేననేది ఇందుకే. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కొబ్బరి చెట్టెక్కేవారికి శిక్షణ పథకం మొదలుపెట్టింది, వారికి ప్రమాద బీమా కూడా ఉంది. అదే మనిషి కొబ్బరి దిగి పక్కనున్న మామిడి ఎక్కితే, ఎత్తూ ప్రమాదమూ తగ్గవు, కొమ్మ బరువు ఎటు తిరుగుతుందో తెలియదు కనుక ప్రమాదం పెరుగుతుంది కూడా. ఆ శిక్షణ, ఆ బీమా మాత్రం కొబ్బరి దగ్గరే ఆగిపోతాయి.

డబ్బు లేనివారి మాట

బాబాయిగారి తరఫున ఒక మాట ఒప్పుకోవాలి. చేతిలో పైకం లేని ఇంటికి కట్టెల బేరం ఒక్కటే దారి. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒకావిడ ఇంటి మీద వేపకొమ్మ వాలి ఉంది, కూలి ఇవ్వమంటే ఆవిడ ఎక్కడి నుంచి తెస్తుంది? నేను చెబుతున్నది ఉన్నవాళ్లకే పనికొచ్చే నీతి అయితే దానికి పెద్ద విలువ లేదు.

ఇలాంటి చోట కలపను పూర్తిగా పక్కన పెట్టాలని నేననను. చేతిమందం దాటిన కొమ్మ మీద కత్తి పడకూడదని చెట్టెక్కకముందే మాట అనుకోవచ్చు. కోసిన కలపను ఇంటివాళ్లే అడితికి తూకం వేయించి, వచ్చిన డబ్బులోంచి ముందుగా అనుకున్న కూలి ఇవ్వవచ్చు, తగ్గిన దాన్ని వీధిలో నలుగురూ పంచుకోవచ్చు. కూలి మొత్తం ముందే తేలిపోతే, కొమ్మ లావైనా సన్నమైనా కోసేవాడికి ఒకటే. మా వీధిలో వచ్చే జూన్‌కు నాలుగిళ్లవాళ్లం కలిసి ఒకే జట్టును వరుసగా పిలుద్దామని అనుకున్నాం. ఆ వేపచెట్టు కూడా ఆ వరుసలోనే ఉంది. కాయ దిగిన జూన్ నుంచి తుపానుల అక్టోబరు లోపు, ఇలా నాలుగైదు వీధులు కలిస్తే ఆ జట్టుకు తెరపి లేని పని ఉంటుంది.

తాడు పట్టిన కుర్రాడు వెళ్లేముందు మంచినీళ్లు తాగుతూ, వచ్చే ఏడు తాను గల్ఫ్ వెళ్లిపోవచ్చనీ, తమ ఊరివాళ్లు అక్కడ ఉన్నారనీ చెప్పాడు. ఈ పని ఇష్టం లేదా అని అడిగితే, ఇష్టమేననీ, లావు చెట్టు దొరికిన వారమే ఇంట్లో డబ్బు కనిపిస్తుందనీ అన్నాడు. దక్షిణపు కొమ్మ దిగేటప్పుడు ఆ తాడును ఎంత వదలాలో, ఎక్కడ బిగించాలో పెద్దాయన పైనుంచి ఒక్కసారి కూడా చెప్పలేదు, ఆ కుర్రాడు కొమ్మ కదలికను చూసే పట్టుకున్నాడు. అతడిని ఇక్కడ ఉంచగలిగేది నెల నెలా చేతికందే కూలి. ఆ కూలి ఎంతో తేల్చుకోవడానికి పెద్దాయనను వచ్చే నెలలో మా నాలుగిళ్లవాళ్లం కూర్చోబెట్టి మాట్లాడబోతున్నాం.